పదకొండు నెలల ఖాళీ

నా బల్ల మీదికి వచ్చే మనుషులంతా కాగితాలే.
డులూత్‌లో సరస్సు గడ్డకట్టే వారం అది.
మాజీ సైనికుల ఆసుపత్రి, నేలమాళిగలో గది,
హీటరు ముసలి పిల్లిలా గురగురమంటోంది.
పట్టాళంలో సరుకుల లెక్క రాసినవాణ్ణి,
ఇక్కడ డిగ్రీల లెక్క రాస్తాను.

ఈసారి ఫైలు ఆర్డిస్ క్వామ్‌ది.
కుటుంబ చికిత్స నేర్చుకునే పిల్లల పని చూసే
పర్యవేక్షకురాలిగా ఉండే అర్హత
ఆమెకు ఉందో లేదో నేను తేల్చను.
టిక్కులు పెడతాను. అంతే.

లైసెన్సు ఉంది. గడువు వచ్చే ఆగస్టు.
లైసెన్సు వచ్చాక సర్వీసు, కావలసినదానికంటే ఎక్కువే.
ఇంకొకరి పని మీద కన్నేసి ఉంచడం నేర్పే కోర్సుకి
పట్టా జతచేసింది, మూల కాఫీ మరకతో.
ఒకప్పుడు ఆమె పని చూసిన పెద్దాయన సంతకం
వణికి, గీత దాటిపోయింది.

మూడో పేజీలో వేలు ఆగింది.
పదకొండు నెలలు. కొలువు లేదు, ఊరు లేదు.
మా దగ్గర ముప్పై రోజులు దాటిన ప్రతి ఖాళీకీ
సంజాయిషీ ఉండాలి.
ఉత్తరం రాశాను, ఎప్పుడూ రాసే నాలుగు ముక్కలే.

గురువారం జవాబొచ్చింది:
"మా తమ్ముడు కాందహార్ నుంచి తిరిగొచ్చాడు.
వాడి వంటింట్లో కూర్చున్నాను.
మరదలు ఏదైనా అంటే నేను సర్దిచెప్పబోయేదాన్ని,
వాడు ఏదైనా అంటే నేను అర్థం చెప్పబోయేదాన్ని.
నోరు కట్టేసుకోవడం రావడానికి
అన్ని నెలలు పట్టింది.
సాక్ష్యం ఎవరూ లేరు.
మరదలి నంబరు కావాలంటే ఇస్తాను,
కానీ ఆవిడ ఎత్తదు."

దీన్ని ఏ గడిలో వెయ్యను?

నేను రాయకూడని సంగతి ఒకటుంది.
మూడేళ్ళ కిందట, రెండో అంతస్తు, నాలుగో గది.
నేనూ లోర్నా. మా మధ్య ఒక కుర్చీ,
కుర్చీలో ఆమె చేతిసంచి.
ఎదురుగా ఎమెట్, ఇంకా శిక్షణలో ఉన్న కుర్రాడు.
గోడకి అద్దం. అద్దం వెనక ఒకరు ఉంటారని
ముందే చెప్పి సంతకాలు తీసుకున్నారు.

కుర్రాడు తెగ మాట్లాడాడు.
నా నిద్ర, నా కోపం, నా మెదడు.
మెదడు బొమ్మ గీసి మరీ చెప్పాడు.
పై అధికారి ముందు ఊపినట్టు తలూపుతూ కూర్చున్నాను.

గోడ మీది ఫోను మోగింది.
ఎత్తాడు. విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.
బొమ్మ కాగితం బోర్లించి
లోర్నా వైపు తిరిగి అడిగాడు:
"రాత్రి ఆయన లేచి తలుపులు చూసుకుంటున్నంతసేపూ
మీరేం చేస్తుంటారు?"

ఇరవై ఆరేళ్ళ కాపురంలో
నేను అడగని మాట.

"లెక్కపెడుతుంటాను" అంది లోర్నా.
"కిటికీలతో కలిపి తొమ్మిది.
ఎనిమిదో దాని దగ్గర అడుగులు ఆగిపోతే
నేనూ ఊపిరి బిగబడతాను."

ఇన్నాళ్ళూ
కాపలా నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఫోనులో ఎవరో మాకు చెప్పలేదు.
ఆ ఏడు ఆ అంతస్తులో పర్యవేక్షకులు ఇద్దరే.
ఒకాయన ఆ నెలంతా మోకాలి ఆపరేషను సెలవు.
సెలవు చీటీ నా చేతి మీదుగానే వెళ్ళింది.

తెలిసినవాళ్ళ ఫైలు ముట్టుకోకూడదని నియమం.
ఆమెను చూడలేదు. గొంతు కూడా వినలేదు.
తెలిసినట్టా, తెలియనట్టా?
మధ్యాహ్నమంతా సుద్దముక్కలా కూర్చున్నాను.
రేవులో ఆఖరి ఇనుపరాతి ఓడ కూత వేసి
వెళ్ళిపోయింది.

ఫైలు పక్క బల్ల రోస్లిన్‌కి ఇచ్చాను,
కారణం దగ్గర "వ్యక్తిగతం" అని రాసి.
ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని
"ఈ పదకొండు నెలలూ ఏం చేసిందిట?" అంది.
ఉత్తరం వెనక కుట్టాను, చదువు, అన్నాను.
ఇంకా ఏదో చెప్పబోయాను.

రోస్లిన్ అప్పటికే చదువుతోంది,
పెదాలు కదుపుతూ.